కళ్లు మూసుకుని చూసే రేసు

"నాకు చెముడేటి? మీరే నోట్లో గొణుక్కుంతన్నారు." సత్యమూర్తి చెవి మిషన్‌ను మళ్లీ కూతురి చేతిలోనే పెట్టేశాడు. "నాతో రేసుకి రా. కళ్లు మూసుకుని ఏ బండి ముందుందో చెప్తాను. తప్పు చెప్తే అప్పుడు పెట్టుకుంతాను."

జ్యోత్స్న మిషన్‌ను బ్యాగులో వేసుకుంది. అరిచి అరిచి ఇంటిల్లిపాదికీ ఓపిక అయిపోయింది.

నెహ్రూ నగర్ అవతలి మైదానంలో ఏటా మట్టి ట్రాకు మీద బైకుల రేసు జరుగుతుంది. పెళ్లి కాకముందు నుంచీ ఆయన ఒక్క ఏడూ మానలేదు. ఎప్పుడూ మలుపు దగ్గరే నిలబడతాడు. దుమ్ము పడకుండా తువ్వాలుతో కళ్లు కట్టుకుని, "ఎర్ర బండోడు గేరు దించాడు" అని చప్పుడును బట్టే చెప్పేస్తాడు. పక్కవాళ్లు నోరెళ్లబెట్టేవారు.

ఈసారీ కళ్లు కట్టుకున్నాడు.

జెండా ఊపారు. బైకులన్నీ గుంపుగా మలుపు తిరిగాయి. జ్యోత్స్న రెండు చెవులూ గట్టిగా మూసుకుంది.

సత్యమూర్తి నవ్వుతూ కూతురి వైపు వంగాడు. "ఇంకా మొదలెట్టనేదేటమ్మా? వీళ్లెప్పుడూ లేటే, ఏటి చేస్తాం!"

రెండో చుట్టులోనూ బైకులు వచ్చి వెళ్లాయి. తండ్రితో పందెం గెలిచింది తనే అయినా బ్యాగు తెరవడానికి ఆమెకు చేయి రాలేదు.

మలుపులో లేచిన దుమ్ము ఇద్దరి మీదా పడింది. ఆయన పెదవులు తడుపుకున్నాడు. నాలుకకు మట్టి తగిలింది. ముఖంలో నవ్వు ఆగిపోయింది.

తువ్వాలు విప్పలేదు. చేయి మాత్రం చాచాడు.

"ఇలాగియ్యమ్మా," అన్నాడు. "ఆఖరి చుట్టయినా విందాం."