కిటికీ పక్క చోటు

“మరి నీకేం చెప్పార్రా ఫక్రీ మాస్టారు?” అని డాక్టర్ వగీహ్ అడిగేసరికి లుత్ఫీ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

అప్పటిదాకా అంతా సరదాగానే సాగింది. అలెగ్జాండ్రియాలో ట్రాము దారి పక్కనున్న కాఫీ కొట్టు అది. మగపిల్లల బడిలో కలిసి చదివిన నలుగురూ నలభై ఏళ్ల తర్వాత అక్కడ కూర్చుని, పాత మాస్టార్లను ఒక్కొక్కరినే తలచుకుని నవ్వుకుంటున్నారు. సైన్సు చెప్పిన ఫక్రీ మాస్టారి దగ్గరికొచ్చేసరికి ఆ నవ్వులు ఓ పట్టాన ఆగలేదు. ఆయనకు చూపు బొత్తిగా ఆనేది కాదు. నోటు పుస్తకాలు ముక్కుకు ఆనించుకుని అక్షరం వదలకుండా చదివేవారు గానీ, పిల్లల మొహాలు పోల్చుకోలేకపోయేవారు. చివరి వరుస అయితే ఉత్త మసక. అందుకని ముందు వరుసవాడు ఎవడైనా బడి ఎగ్గొడితే, చివరి వరుసవాడొకడు వచ్చి ఆ చోట్లో కూర్చుని హాజరు పలికేవాడు. చివరి వరుస వగీహ్ అలా కూర్చోని బల్లంటూ లేదు. బుద్ధిమంతుడని పేరున్న లుత్ఫీ కూడా ఒకే ఒక్కసారి, పరీక్షల ముందు గురువారం, సముద్రానికి చెక్కేశాడు. ఎండకు వీపంతా కాలి వారం రోజులు బోర్లా పడుకున్నాడని సాబిర్ గుర్తుచేస్తే అందరూ పగలబడి నవ్వారు.

ఆ నవ్వుల్లోనే సాబిర్ నోరు జారాడు. ఒక గురువారం బడి విడిచాక మాస్టారు తన భుజం మీద చెయ్యేసి, గేటు దాకా నడిపించుకెళ్లి, నీ లెక్క ఎప్పుడూ తప్పు పోదు, వంతెనలు కట్టమని చెప్పారట. ఎవరికీ చెప్పొద్దన్నారట. అతను చెప్పలేదు, వంతెనలు మాత్రం కడుతూనే ఉన్నాడు. అది వింటూనే పక్కనున్న నజీబ్ కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. అతని భుజం మీదా అదే చెయ్యి, అదే గేటు. అతన్ని పంతులు పని చేసుకోమన్నారట. చేసి, మొన్ననే రిటైరయ్యాడు.

“నాకైతే రెండుసార్లు,” అన్నాడు వగీహ్. “ఏడాది మొదట్లో, నీది మంచి మాటకారితనం, కొట్టు పెట్టుకో, జనం విరగబడి వస్తారు అన్నారు. తర్వాత ఆయనకే నచ్చలేదేమో, ఏడాది చివర్లో మళ్లీ పట్టుకుని డాక్టర్‌వి కావాలన్నారు. అప్పటిదాకా నాకా ఊహే లేదురా. అవుతానని దేవుడి మీద ఒట్టేశాను కూడా.”

ఆ తర్వాతే లుత్ఫీని అడిగాడు. మిగతా ఇద్దరూ కూడా కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు.

“ఏదో చెప్పార్లే, మర్చిపోయాను,” అన్నాడు లుత్ఫీ.

“కార్జం వేయించుకోమని చెప్పుంటారు,” అన్నాడు నజీబ్. చేపల బజారు వెనక లుత్ఫీకి కార్జం వేపుడు కొట్టుంది. రొట్టెలో పెట్టి ఇస్తాడు. అందరితో పాటు లుత్ఫీ కూడా నవ్వాడు. మర్చిపోవడమేమిటి? ఆయన చెప్పనే లేదు. అంత గుడ్డి కళ్లకు కూడా అందరిలోనూ ఏదో ఒకటి కనిపించింది. తనలోనే ఏమీ కనిపించలేదా? లేకపోతే ఏదో కనిపించి, చెప్పడం దండగనుకున్నారా? ఇల్లు చేరినా, మర్నాడు కొట్టు తెరిచినా అదే తొలిచేస్తోంది.

శుక్రవారం నమాజు కాగానే వేడి వేడి కార్జం పొట్లం కట్టుకుని, ఊరంతా వాకబు చేసి, మాస్టారి ఇంటికి నాలుగంతస్తులు ఎక్కాడు. తలుపు ఆయనే తీశారు. ఎనభై దాటిన మనిషి. ఇప్పుడు కళ్లు పూర్తిగా పోయాయి. పాత విద్యార్థినని చెప్పగానే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి సోఫాలో కూర్చోబెట్టారు. పొట్లం విప్పి ఒక ముక్క నోట్లో వేసుకుని, రెండోది వేళ్ల మధ్య పట్టుకుని తడిమి చూశారు.

“ఇంత సన్నగా కోసిందెవరు?”

“నేనే మాస్టారూ. అదే నా బతుకుతెరువు.”

ఆయన తల పంకించి తింటూ ఉండిపోయారు. లుత్ఫీ ఇక ఉండబట్టలేక అడిగేశాడు. “మాస్టారూ, మావాళ్లందరికీ గేటు దగ్గర ఏదో ఒకటి చెప్పారట. నాకే ఏమీ చెప్పలేదు. నాలో మీకేమీ కనబడలేదా?”

మాస్టారు నమలడం ఆపేశారు. “నేనెవర్నీ వదల్లేదే. గురువారానికొకడు, చివరి బల్ల నుంచి ముందుకు, వరస ప్రకారం. నోటు పుస్తకాలు చూసి, ఎవడికేం చెప్పాలో ముందే రాసిపెట్టుకునేవాణ్ణి. ఆ రోజు ఆ చోటికి వెళ్లి భుజం మీద చెయ్యేసేవాణ్ణి. నువ్వెక్కడ కూర్చునేవాడివి?”

“ముందు వరుస. కిటికీ పక్కన.”

“ఆ అలమారలో ఆకుపచ్చ అట్ట పుస్తకం ఉంటుంది, తియ్యి. నాకెలాగూ కనబడదు, పైకి చదువు.”

అట్ట సగం ఊడిన పుస్తకం. పేజీలు తిప్పుతుంటే, నాలుగంతస్తులు ఎక్కినప్పుడు కూడా రాని ఆయాసం వచ్చింది లుత్ఫీకి. తన పేరు దొరికింది. గొంతు సవరించుకుని చదివాడు.

“లుత్ఫీ షరాబీ. ముందు వరుస, కిటికీ పక్క. కప్ప గుండె బొమ్మ ఇంత బాగా గీసినవాడు నా చేతి కింద ఇంకొకడు లేడు. కత్తి పడితే చెయ్యి వణకదు. ఇతను డాక్టర్ కావాలి.”

“ఉంది కదా మరి,” అన్నారు మాస్టారు తృప్తిగా. “రాసుకున్నానంటే చెప్పకుండా వదిలేవాణ్ణి కాదు. ఎప్పుడు చెప్పానో కూడా కింద ఉండాలి చూడు.”

లుత్ఫీ కింద వాక్యం ముందు మనసులో చదువుకున్నాడు. తర్వాత, ఆయన ఎదురుచూస్తున్నారని, పైకి చదివాడు.

“పరీక్షల ముందు గురువారం చెప్పాను. కళ్లనీళ్లు పెట్టుకుని, అయి తీరతానని దేవుడి మీద ఒట్టేశాడు.”