ఎర్రచక్రాల ఠేలా

తెలీబంధా చెరువుకి తన చేపల పడవని చేర్చాలి. బీఎన్నార్ రైల్వే కలాసీ నూకరాజు ఎడ్లబండి పొట్టిదని వదిలేసి, ఎర్రచక్రాల పాత తోపుడుబండి, ఠేలా ఒకటి కొని రాయ్‌పూర్ క్వార్టర్ ముందుకి తోసుకొచ్చాడు.

"సూడప్పా, ఎంత పొడుగో! పడవ సక్కగా పడుకుంటాది."

మొగుడు పోయిన అతని అక్క వరహాలమ్మ గొడ్డలి తెచ్చి, ఒక్క వేటుతో చక్రం పగలగొట్టింది.

నూకరాజు ఆమె జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లింది.

"నా పడవంటే నీకు మొదట్నుంచీ గిట్టదు! నరికితే దాన్నే నరకాల్సింది!"

వరహాలమ్మ కళ్లలోకి కారే రక్తం తుడుచుకుంది.

"పడవని నానేటన్నాన్రా? నువ్వు ఊర్నుంచి రాకముందు, మీ బావని మసానానికి తోసుకెళ్లింది ఈ ఠేలా మీదే. ఆయనా సక్కగానే పడుకున్నాడు."

నూకరాజు కింద పడ్డ గొడ్డలి అందుకున్నాడు. రెండో చక్రం తనే నరికాడు.