ఈసారి తప్పకుండా

"గేటు మూసేశాం సార్. తర్వాతి విమానం రేపు పొద్దున్నే," అంది కౌంటర్లో అమ్మాయి, తలైనా ఎత్తకుండా.

లిఫ్టుల ఇంజనీరుకి పై ప్రాణాలు పైనే పోయాయి. మొదటి విమానం గంటన్నర ఆలస్యంగా దిగితే తప్పు తనదా? పెట్టె ఈడ్చుకుంటూ ఆ చివర్నుంచి ఈ చివరికి పరిగెత్తుకొచ్చినందుకు ఇదా మర్యాద!

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. సాయంత్రం మా అమ్మాయి నాటకం. తనే రాసింది, తనే వేస్తోంది. ఇవాళే ఆఖరి ప్రదర్శన. ఇప్పటికి ఇరవై ఎనిమిదిసార్లు ఆడింది, ఒక్కదానికీ వెళ్లలేదు నేను. ఎక్కడో లిఫ్టు ఆగిపోవడం, నేను పరిగెత్తడం. ఈసారీ వెళ్లకపోతే దాని మొహం ఎలా చూడను?"

ఆ అమ్మాయి తలెత్తింది. "మా నాన్నా ఇంతే," అంటూ ఎవరికో ఫోన్ చేసింది. "వేరే విమానంలో ఒక్క సీటుంది. మధ్యలో దిగి ఇంకోటి ఎక్కాలి. వెళ్తారా?"

"రెక్క మీద కూర్చోమన్నా వెళ్తాను."

విమానం మారేచోట భార్యకి ఫోన్ చేశాడు.

"రాలేనని చెప్పడానికేగా?" అందావిడ.

"కాదే, వస్తున్నా! ఏడింటికల్లా హాల్లో ఉంటా."

"అంత హడావుడి ఎందుకండీ? తిన్నగా ఇంటికెళ్లి పడుకోండి. అయ్యాక మేమే వచ్చేస్తాం."

అతనికి ఒళ్లు మండింది. రాకపోతే సాధింపు, వస్తానంటే ఈ వరస! "అమ్మాయికి చెప్పకు," అని విసురుగా పెట్టేశాడు.

తుమ్మేవాడికీ గురక పెట్టేవాడికీ మధ్య ఇరుక్కుని, చొక్కా మీద కాఫీ ఒలకబోసుకుని, దిగీ దిగగానే టాక్సీ పట్టుకుని, నాటకానికి పది నిమిషాల ముందు హాలు దగ్గర వాలాడు. గుమ్మంలో భార్య, బావమరిది.

"బావా, నువ్వేనా!" బావమరిది దెయ్యాన్ని చూసినట్టు చూశాడు.

"రండి, వెనకాల సర్దుకుందాం," అని భార్య చెయ్యి పట్టుకుంది.

లోపల హాలు కిటకిటలాడుతోంది. ముందు వరసలో, సరిగ్గా మధ్యలో, ఒకే ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"నాకోసం అక్కడ ఉంచితే వెనకాలెందుకే?" భార్య ఏదో అనబోతున్నా చెయ్యి విదిలించుకుని వెళ్లి దర్జాగా కూర్చున్నాడు. కళ్లు చెమర్చాయి. ఎన్నిసార్లు ఎగ్గొట్టినా పిచ్చితల్లి సీటు మాత్రం ఉంచింది!

తెర పక్కనుంచి తొంగిచూసిన కూతురు మేకప్‌తోనే పరుగున కిందికి దిగి వచ్చింది.

"నాన్నా! నిజంగా వచ్చావా?"

"చూశావా? ఈసారి తప్పకుండా వస్తానన్నానా లేదా?"

ఆమె అతని రెండు చేతులూ పట్టుకుంది. ఎన్నాళ్ల నుంచో ఎదురుచూసిన కూతురి ముఖం అది, సందేహం లేదు. ఇంతలో మొదటి గంట మోగింది. రంగు చెదరకుండా వేలికొసతో కళ్లు అద్దుకుంది.

"లే నాన్నా. నేను గంటన్నర సేపు మాట్లాడేది ఈ ఖాళీ కుర్చీతోనే. నాటకంలో నువ్వు ఆఖరిదాకా రావు."