ఈ జన్మకు జెరండ్ రాదు

"టేబుల్ భోంచేస్తుందా రా, గాడిదా!"

రంగనాథ్ సారు అరుపు తార్నాకలో ఆ వీధంతా వినపడింది. వంటింట్లో ఈశ్వరమ్మ కాఫీ చెంబు పక్కన పెట్టి చెవి అటు వేసింది.

"మా మెస్సుల పెట్టింది పెట్టినట్టే మాయమైతది సార్. టేబులే తింటదేమో అనుకున్న," అన్నాడు కొమురెల్లి తల గోక్కుంటూ.

'డైనింగ్ టేబుల్'లో డైనింగ్ అనేది పని పేరు చెప్పే జెరండా, పని చేసేదాన్ని చెప్పే పార్టిసిపులా? ఇదీ ఆ సాయంత్రపు రగడ. మీసాలు దట్టంగా వచ్చినా, సారు లెక్కలో పీయూసీ ఇంగ్లీషు గట్టెక్కని ఈ శాల్తీ, ఎండాకాలం నుంచీ అడిక్‌మెట్‌లోని అద్దె గది నుంచి సైకిలు తొక్కుకుంటూ వస్తోంది. జెరండ్ మాత్రం బుర్రకెక్కినట్టు లేదు.

"డ్రింకింగ్ వాటర్ అంటే తాగే నీళ్లు, రన్నింగ్ వాటర్ అంటే పారే నీళ్లు. నీళ్లు పారతాయి, కాబట్టి పార్టిసిపుల్. నీళ్లు తాగుతాయా?"

"మా బర్రె తాగుతది సార్."

"నీ బర్రెకు చెప్పినా ఈపాటికి వచ్చేసుండును! చొక్కా చేతికి ఆ సుద్దపొడేమి రా?"

"కాలేజీల రోజూ బోర్డు తుడుస్త సార్."

"తుడువు. నీకు తగిన పని అదే."

ఈశ్వరమ్మకు నవ్వొచ్చింది. మొగుడు ఇలా తిడుతుంటే ఆమె ప్రాణం హాయిగా ఉంటుంది. యూనివర్సిటీలో ఇంగ్లీషు చెప్పి రిటైరై, దండ వేయించుకుని వచ్చిన రోజున, ఇక ఆ గేటు తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు మహానుభావుడు. కొన్నాళ్లు పాలవాడి ఇంగ్లీషు దిద్దాడు. వాడు పాలు పోయడం మానేశాడు. ఆ తర్వాత మాటా పలుకూ లేకుండా గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. అన్నం తినమంటే కూడా లేచేవాడు కాదు. ఆ రోజులు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఈ అబ్బాయి కూడా రావడం మానేస్తే మళ్లీ ఆ గోడే గతి.

సారు దగ్గర ఒక పద్ధతుంది. శిష్యుడు ఒక్కసారి సరిగ్గా చెప్పాడా, పుస్తకం మూసి, చేతిలో అరటిపండు పెట్టి పంపేస్తాడు. ఆ తర్వాత ఎంత బతిమాలినా చదువు పేరుతో గడప తొక్కనివ్వడు.

"రైల్లో స్లీపింగ్ కార్, ఉయ్యాల్లో స్లీపింగ్ చైల్డ్?" సారు టకీమని అడిగాడు.

"మొదటిది జెరండ్, రెండోది పార్టిసిపుల్," అనేశాడు కొమురెల్లి. అని నాలుక్కరుచుకున్నాడు.

ఈశ్వరమ్మ గబగబా వంటింటి తలుపు దగ్గరికి వచ్చింది.

సారు ముఖం ముందు వెలిగిపోయింది. తర్వాత మెల్లగా ఆరిపోయింది. పుస్తకం మూశాడు. "వచ్చేసిందప్పా నీకు. ఇంక నాతో ఏం పని?" అంటూ గూట్లోంచి అరటిపండు తీశాడు. తీసిన పండును వెంటనే ఇవ్వకుండా అటూ ఇటూ తిప్పడం ఆమె తలుపు సందులోంచి చూసింది.

"సార్," కొమురెల్లి చేతులు వెనక్కి దాచుకున్నాడు. "ఇన్ఫినిటివ్ అంటే ఏంది సార్?"

"అదీ రాదా?"

"పేరైతే విన్న సార్. ఎట్లుంటదో చూడలె."

"ఓరి నీ అసాధ్యం కూలా! కూచో!" సారు గర్జించాడు. ఆ అరటిపండు తనే ఒలుచుకుని తింటూ పుస్తకం మళ్లీ తెరిచాడు. "ఏమే, కాఫీ ఇంకా కాలేదా? ఈ మొద్దుకు మొదటినుంచీ చెప్పాల!"

ఈశ్వరమ్మ కళ్లు తుడుచుకుని పొయ్యి వెలిగించింది.

చీకటిపడ్డాక కొమురెల్లి సైకిలు తీస్తుంటే, ఆమె గేటు దాకా వచ్చి గొంతు తగ్గించి అంది: "రేప్పొద్దున క్లాసులో పిల్లోళ్లకు మాత్రం సరిగ్గా చెప్పు నాయనా, ఆయన రిటైరైతే ఆ కుర్చీలో నిన్నే కదా కూచోబెట్టినారు."