తాంబూలంలో కుక్కపిల్ల

"రెండు దాటింది. ఒక్క పురుగైనా రాలేదేంటే?" మిలుటిన్ గుమ్మంలోంచి వీధికేసి చూశాడు.

స్లావా అంటే సెర్బియాలో ఇంటి ఇలవేల్పు పండగ; దానికి ఎవరినీ పిలవకూడదు. గుర్తుపెట్టుకుని వాళ్లే రావాలి. బల్ల మీద కాల్చిన పందిపిల్ల చల్లారిపోతోంది.

"పోయినేడు వచ్చినవాళ్లకి వెళ్లేటప్పుడు చేతిలో ఏం పెట్టావు?" అడిగింది భార్య స్తామెనా.

"తలో కుక్కపిల్ల."

"అంతకుముందేడు?"

మిలుటిన్ బల్ల కిందికి చూశాడు. అక్కడ వాళ్ల కుక్క బెలా ఈసారి తొమ్మిది పిల్లలకి పాలిస్తోంది.

"దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామంటే పాపమన్నావుగా. తిను, ఆ పందినంతా నువ్వే తిను!"

గేటు మీంచి పొరుగింటి రాడోయె తల కనిపించింది. "అన్నా! ఒట్టి చేతుల్తో పంపిస్తానని మాటివ్వు, లోపలికొస్తా!"

మిలుటిన్ ఫోన్ తీశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆచారం తప్పి, స్లావాకి ఒకరిని పిలిచాడు.

"పశువుల డాక్టరు గారా? భోజనానికి రండి. మా బెలాకి ఆపరేషన్ ఎప్పుడో కూడా చెబుదురుగాని."