హస్తవాసి

"అక్కా, మా ఆయనకు కండ్లు పచ్చగైనయ్. జర నీ పసరు తాపు," అంది నేరేడుచర్ల నుంచి భర్తను ఆటోలో తెచ్చిన ఆమె.

కామెర్లకు పుష్ప హస్తవాసి మంచిదని ప్రతి ఆదివారం ఆమె వాకిట్లో జనం కూడతారు. ఈరోజు మాత్రం పసరు నూరే రోలు కడగలేదు.

"తాపరాదూ, తాపు," అన్నాడు మంచం మీది నుంచి పుష్ప భర్త కొమురయ్య. "దాంతోనే నా కండ్లు తెల్లగైనయ్."

తెల్లబడింది పసరుతో కాదు. హైదరాబాద్ డాక్టర్ కోత లేకుండా, తెర మీద చూస్తూ సూదితో కాలేయంలోకి గొట్టం వేశాడు. మంచం పక్కన సంచిలోకి పైత్యరసం దిగుతోంది.

"పసరొద్దు చెల్లె. ఇయ్యాల్నే స్కానింగ్ తీపియ్యి," అంది పుష్ప. "ఈయనకు మూడు ఆదివారాలు నేనే తాపిన. కడుపుల క్యాన్సర్ గడ్డ ఉండె. ముందే తెస్తే తీసేటోళ్లమన్నరు. ఇప్పుడు ఈ గొట్టమొక్కటే."

గడ్డ మాట పుష్ప కొమురయ్య ముందు అనడం ఇదే మొదలు.

వాళ్లు ఆటో ఎక్కాక పుష్ప మంచం దగ్గర కూలబడింది. కొమురయ్య ఆమె కుడిచెయ్యి పట్టుకున్నాడు.

"పసరు పనిచేస్తలేదని మొదటి ఆదివారమే తెలిసింది నాకు. దవాఖానకు పోతే నీ హస్తవాసికి మాటొస్తదని, మిగతా రెండు తాగిన."