సెకనుకు యాభైసార్లు

"ఎంతుంది?" అని ఆచార్యులు తల ఎత్తకుండానే అడిగారు.

"ముల్లు ఎర్రగీతలోకి దిగింది. మహా అయితే అరగంట" అంది భార్య, పడకగది గుమ్మంలో నిలబడి.

ఆ ముల్లు ఆక్సిజన్ సిలిండర్‌ది. సిలిండర్ గొట్టానికి అవతలి కొసన ఉన్నది ఆచార్యుల తల్లి. రోజూ గాలిని వడకట్టి ఆమెకు ప్రాణవాయువు అందించే చిన్న యంత్రం, పొద్దున కరెంటు పోయినా ఇన్వర్టరు పుణ్యమా అని ఒక గంట నడిచింది. తరవాత ఇన్వర్టరు టప్పున ఒక శబ్దం చేసి కన్నుమూసింది. అప్పటినుంచి, అత్యవసరానికని దాచిన ఈ సిలిండరే ఆధారం. వీధిలో నడుములోతు వరద. అంబులెన్సువాళ్లు వంతెన అవతల ఆగి, నీళ్లు తగ్గగానే వస్తామని మాట ఇచ్చారు. నీళ్లు మాత్రం ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు.

భోజనాల బల్ల మీద ఇన్వర్టరు పొట్ట విప్పుకుని పడివుంది. దానికి అటువైపు ఆచార్యులు: విద్యుత్తును ఒక రూపం నుంచి మరొక రూపానికి మార్చే విద్యను ముప్పయ్యేళ్లు బోధించి, ఆ విషయంపై రెండు గ్రంథాలు వెలువరించి, ఇంట్లో బల్బు మార్చవలసివస్తే మనిషిని పిలిపించే మహానుభావుడు. ఇటువైపు, అలా పిలిస్తే వచ్చే మనిషి: ఆయన బావమరిది, ఎలక్ట్రీషియను, బావగారి తరగతిలోనే రెండుసార్లు తప్పి చదువుకు స్వస్తి చెప్పినవాడు. శాస్త్రమూ అనుభవమూ ఒకే బల్లకు చేరడం ఆ ఇంటి చరిత్రలో అదే మొదలు.

"బ్యాటరీ నిండుగా ఉందన్నారు కదండీ. మరి ఏమొచ్చింది?" అంది ఆమె.

"నిండుగానే ఉంది. కానీ అది డీసీ." పాఠం చెప్పే గొంతు ఆయనకు తెలియకుండానే వచ్చేసింది. "ఒకేవైపు పారే ఏరనుకో. గోడ ప్లగ్గులో వచ్చేది ఏసీ, సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది. యంత్రాన్ని పెట్టేది గోడకి. కాబట్టి ఏరుని ఊయల చెయ్యాలి. ఆ పని ఈ రెండు నల్లముక్కలది, మాస్ఫెట్లంటారు. ఒకటి అటు తోస్తే ఇంకోటి ఇటు తోస్తుంది. రెండూ ఒకేసారి తోశాయా, భస్మం."

"మీ ఇద్దరిలాగే" అని ఆమె లోపలికి వెళ్లింది.

కరెంటు లేదు కనుక సోల్డరింగ్ ఐరన్‌కూ ప్రాణం లేదు. బావమరిది దాని కొనను గ్యాసు పొయ్యి మీద కాల్చి తెచ్చి, మాడిన ముక్కను పీకి, తన సంచి అడుగున దొరికిన రెండింటిలో ఒకటి అతికించాడు.

"ఆగవోయ్. రెండింటి మధ్య విరామం ఎంతుండాలో లెక్క కట్టనీ."

"మీరు లెక్క కట్టేలోపల అత్తయ్యగారు..." మిగతా మాట మింగేసి అతను తీగ తగిలించాడు.

టప్. సన్నని పొగ లేచింది. ఆచార్యులు వంగి ఆ పొగ వాసన చూశారు.

"ఇంకొక్కటే ఉంది బావా. ఈసారి మీరు చెప్పినట్టే చేస్తాను."

"వద్దు, నీకు తోచినట్టే చెయ్యి. ఈ వాసన నా పుస్తకాల్లో లేదు."

మర్యాదలు ఇచ్చిపుచ్చుకోవడానికి అది సమయం కాదని ఇద్దరికీ తెలుసు. అయినా ఇంకో నిమిషం పోయింది.

భార్య మళ్లీ వచ్చింది. "పావుగంట కూడా రాదు. అత్తయ్య గోళ్లు నీలమవుతున్నాయి. మిమ్మల్నే అడుగుతోంది."

"వస్తున్నానని చెప్పు" అన్నారాయన. పది అడుగుల దూరం. ఆయన లేవలేదు. ఆమె బల్ల మీది టార్చి తీసుకుని వెళ్లిపోయింది.

ఈసారి ఆచార్యులు కాగితం మీద లెక్క వేశారు. బావమరిది ఊపిరి బిగబట్టి అతికించాడు. తీగ కలిపారు. పచ్చలైటు వెలిగింది.

"బావా..."

"మాట్లాడకు."

మూడు క్షణాలు వెలిగింది. తరవాత టప్.

బావమరిది బల్ల మీద తల వాల్చాడు. ఆచార్యులు కుర్చీలో కూలబడి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పారు.

"ఎన్ని వందలమంది పిల్లలకి చెప్పానో తెలియదురా. మా అమ్మకి ఒక్క గంట ఇవ్వలేకపోయాను."

"అలా అనకండి బావా."

ఆమె వచ్చి బ్యాటరీ పక్కన నిలబడింది. "ఇది ఇంక మీకు అక్కర్లేదుగా?"

"తీసుకుపో. అన్నీ తీసుకుపో."

బ్యాటరీ బండి చక్రాలు కిర్రుమంటూ కదిలాయి. దారికి అడ్డం తొలగిస్తోంది కాబోలనుకున్నారాయన. కాసేపట్లో ఈ దారినే అమ్మని మోసుకెళ్లాలి. ఆ ఆలోచనకు కళ్లు మూసుకున్నారు. లోపల సిలిండర్ బుసబుస పలచబడింది. ఆగిపోయింది.

ఆచార్యులు లేచి, గోడ పట్టుకుని, పడకగదిలోకి నడిచారు.

యంత్రం గురగురమంటోంది. తల్లి ఛాతీ లేస్తోంది, దిగుతోంది. కరెంటు వచ్చిందేమోనని ఆయన గభాలున దీపం స్విచ్చి నొక్కారు. దీపం వెలగలేదు. మంచం కాళ్ల దగ్గర బ్యాటరీ, దాని నుంచి రెండు తీగలు నేరుగా యంత్రంలోకి. కింద కత్తెర.

"నేరుగా ఇచ్చావా? అది కాలిపోతుంది."

"కాలడం లేదుగా."

"ఎవరు చెప్పారక్కా నీకు?" అన్నాడు వెనకే వచ్చిన తమ్ముడు.

"మీరిద్దరూ చదువుకున్నవాళ్లు, అన్నీ తెలుసు. నేను ఏ వస్తువైనా ముందు దాని ఒంటిమీద ఏం రాసుందో చూస్తాను. బ్యాటరీ మీదా, ఈ అడాప్టరు మీదా పన్నెండు వోల్టులనే ఉంది."

గోడ ప్లగ్గుకూ యంత్రానికీ నడుమ ఉండే నల్లడబ్బాను, తోక కోసేసినదాన్ని, ఆమె భర్త చేతిలో పెట్టి టార్చి చూపించింది. ఆచార్యులు కళ్లజోడు సవరించుకుని చీమతలలంత అక్షరాలను ఒకసారి చదివారు. బావమరిది ఆయన భుజం మీదుగా చదివాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

యంత్రానికి మొదటినుంచీ కావలసింది డీసీయే.